రాజీ మాట మోసుకుని నేను వెళ్ళిన రోజు

ఈ రోజు సైట్ ముచ్చట్లు కాదు. ఇంట్లో గొడవై, భార్య మీద చెయ్యి చేసుకున్న కేసులో అరెస్టయితే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో మాట్లాడతాను. నేను లాయర్ని కాదు. కరీంనగర్‌లో ఐటీఐ చేసి, కొన్నేళ్ళు దుబాయ్‌లో ఉండి, ఇప్పుడు న్యూజెర్సీలో, పార్సిప్పనీలో సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. చెప్పేది నేను చేసిన ఒక తప్పు గురించి.

నా దగ్గర పనిచేసే తమ్ముడొకడు ఒక రాత్రి మాటామాటా పెరిగి భార్యను కొట్టాడు. ఆమె 911కి ఫోన్ చేసింది. ఇక్కడి 1991 గృహహింస నివారణ చట్టం ప్రకారం, గాయం కనబడితే పోలీసులు అరెస్టు చేసి తీరాలి. "మేం మేం చూసుకుంటాం సార్" అంటే కుదరదు.

మర్నాడు బయటికొచ్చేసరికి అతని చేతిలో టీఆర్‌ఓ కాగితం ఉంది. అంటే తాత్కాలిక నిషేధ ఉత్తర్వు. ఇంటికి పోవద్దు, ఆమెతో మాట్లాడొద్దు. నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. "అన్నా, నువ్వు చెప్తే వింటది. కేసు వాపస్ తీసుకోమని ఒక్క మాట చెప్పు."

మన ఊళ్ళో పెద్దమనుషులు చేసేది ఇదే కదా అనుకుని వెళ్ళాను. ఆమె తలుపు దగ్గరే నిలబడి అడిగింది. "నా దెబ్బ చూడనీకి వచ్చినవా అన్నా, ఆయన కేసు కోసం వచ్చినవా?" నా దగ్గర జవాబు లేదు.

వారం తిరక్కుండా ఉత్తర్వు మీరినందుకు అతని మీద రెండో కేసు పడింది. మనిషిని పంపినా తను మాట్లాడినట్టే లెక్క. ఆమే ఫోన్ చేసినా, ఎత్తితే తప్పు అతనిదే. సాక్షిని ఒత్తిడి చేశావని నా మీద కూడా కేసు పెట్టొచ్చని తర్వాత లాయర్ చెప్పాడు.

ఆ లాయర్ దగ్గర నేర్చుకున్నవి చెప్తాను.

ఒకటి, ఇవి రెండు వేర్వేరు కేసులు. కొట్టిన కేసు క్రిమినల్. చిన్న దాడి అయినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. దాన్ని ఎత్తెయ్యడం భార్య చేతిలో లేదు, ప్రాసిక్యూటర్ చేతిలో ఉంటుంది. ఉత్తర్వు కేసు మాత్రం మోరిస్‌టౌన్‌లో, కౌంటీ ఫ్యామిలీ కోర్టులో, మామూలుగా పది రోజుల్లో విచారణకొస్తుంది. పోకపోతే మీరు లేకుండానే తీర్పిస్తారు. ఈ రాష్ట్రంలో ఆఖరి ఉత్తర్వుకు గడువంటూ లేదు. జడ్జి రద్దు చేసేదాకా ఉంటుంది. లాయర్ కోసం వాయిదా అడగొచ్చు. తెలుగు దుబాసీని అడగండి, డబ్బు కట్టక్కర్లేదు.

రెండు, పోలీసులకు పేరు, అడ్రసు చెప్పి, "లాయర్ వచ్చాకే మాట్లాడతా" అనండి. డబ్బు లేకపోతే క్రిమినల్ కేసుకు పబ్లిక్ డిఫెండర్‌ని అడగండి. ఉత్తర్వు కేసుకు మాత్రం ప్రభుత్వ లాయర్ వస్తాడని కూర్చోవద్దు. ఫోన్‌లో మెసేజ్‌లు చెరపొద్దు.

మూడు, వీసా. గృహహింస నేరం రుజువైనా, ఉత్తర్వు మీరారని కోర్టు తేల్చినా, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళను కూడా దేశం నుంచి పంపే వీలుంది. హోసే పడియా అనే ట్రక్ డ్రైవర్ 40 ఏళ్ళకు పైగా ఇక్కడే చట్టప్రకారం ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో పనిచేశాడు. "ఇన్నేళ్ళున్నావు, భయం లేదు" అన్న లాయర్ మాట నమ్మి గంజాయి కేసులో నేరం ఒప్పుకుంటే, దేశం నుంచి పంపేసే పరిస్థితి వచ్చింది. ఆ కేసులోనే 2010లో సుప్రీంకోర్టు, ఈ ప్రమాదం గురించి క్లయింటుకు చెప్పడం లాయర్ బాధ్యత అంది. కాబట్టి ఒప్పుకునే ముందు "నా వీసా ఏమవుతుంది?" అని అడగండి.

నాలుగు, గల్ఫ్‌లో వింటున్న అన్నలకు కూడా. అక్కడి చట్టాలు వేరు. కానీ 1963 వియన్నా ఒప్పందం ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు తన దేశ కాన్సులేట్‌కు కబురు పంపమని అడగొచ్చు. నోరు తెరిచి అడగండి.

ఇదంతా కొట్టినవాణ్ణి తప్పించే ఉపాయం అనుకోవద్దు. తమ్ముడు కొట్టాడు, అది తప్పు. జవాబు కోర్టులో చెప్పుకోవాలి, ఆమె గుమ్మంలో కాదు. వింటున్న చెల్లెళ్ళకు ఒక మాట. న్యూజెర్సీలో మానవి అనే సంస్థ 1985 నుంచి మన దేశపు ఆడవాళ్ళకు అండగా ఉంది.

ఇప్పుడు ఎవరైనా ఇలాంటి ఫోన్ చేస్తే పడుకోవడానికి చోటిస్తాను, లాయర్ దగ్గరికి తీసుకుపోతాను. బట్టలు కావాలంటే పోలీసులను వెంటబెట్టుకుని తెచ్చుకోమంటాను. మాట మాత్రం మొయ్యను. ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఉంటాను. జాగ్రత్త.