మూడవనాటి రక్తపు చుక్క

(ఆరోగ్య హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇంట బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ వినిపిస్తాము. ఏడవనాడు అఖీఖా జరిపి పేరు పెడతాము. ఈ రెండింటి నడుమ, సుమారు మూడవనాడు, ఆ బిడ్డకు జరగవలసిన పని మరొకటి ఉంది. మడమపై సూదితో గుచ్చి, నాలుగైదు రక్తపు చుక్కలను ఫిల్టర్ కాగితంపై అద్ది, ఆరబెట్టి, ప్రయోగశాలకు పంపడం. 1960ల ఆరంభంలో రాబర్ట్ గుత్రీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని రూపొందించాడు. 1963లోనే మసాచుసెట్స్ రాష్ట్రం దీనిని చట్టబద్ధం చేసింది. మన ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో పుట్టే ప్రతి బిడ్డకూ ఇది నేటికీ అందడం లేదు.

ఆ చుక్కలలో ఏముంటుంది? తిన్న ఆహారాన్ని శరీరం వాడుకోవడానికి ఎంజైములు కావాలి. కొందరు శిశువులు వాటిలో ఏదో ఒకటి లోపించి పుడతారు. గెలాక్టోసీమియా అనే వ్యాధినే తీసుకోండి. పాలలోని చక్కెరనుండి వచ్చే గెలాక్టోజ్‌ను ఆ శిశువు శరీరం మార్చుకోలేదు. వాంతులు, కామెర్లు, కాలేయం దెబ్బతినడం, కంటిలో శుక్లాలు! తల్లిపాలే హాని చేస్తాయి. బిడ్డలకు పూర్తిగా రెండేళ్లు పాలివ్వడాన్ని దివ్య ఖుర్ఆన్ (అల్ బఖరా: 233) ప్రస్తావించిన సమాజంలో, పాలు మాన్పించమని వైద్యుడు చెబితే ఆ తల్లి మనస్సు ఏమవుతుంది? అసలు కారణం తెలియకపోతే ఇంకా ఘోరం. ‘నీ పాలే మంచివి కావు’ అంటారు ఇంటి పెద్దలు. ఆమె పాలలో ఏ దోషమూ లేదు. ఈ మాట సకాలంలో చెప్పి ఆమెను నిందనుండి, బిడ్డను మరణంనుండి కాపాడగలిగేది ఆ ఆరిన చుక్కే.

బయోటినిడేజ్ లోపానికైతే రోజూ కొద్ది మిల్లీగ్రాముల బయోటిన్ విటమిన్ చాలు. అది అందక ఎందరో పిల్లలు మూర్ఛలకు, చెవుడుకు గురవుతారు. ఫినైల్‌కీటోన్యూరియాకు మాత్రం ఖరీదైన ప్రత్యేక ఆహారం ఏళ్ల తరబడి కావాలి. పరీక్ష చేసి, వ్యాధి పేరు చెప్పి, కూలి కుటుంబాన్ని దాని ఖర్మకు వదిలివేయడం న్యాయం కాదు. ఆ ఆహారాన్ని ప్రభుత్వమే ఇవ్వాలి.

హైదరాబాదులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనం, ఇటువంటి జన్మగత లోపాలు దాదాపు వెయ్యిమందిలో ఒకరికి ఉన్నట్లు తేల్చింది.

ఇక్కడ ఒక చేదు మాట. ఈ చర్చ రాగానే వేలు మనవైపు చూపుతారు: ‘మీరు దగ్గరి సంబంధాలు చేసుకుంటారు’ అని. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే లోపపు జన్యువు దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. రక్తసంబంధంలో అటువంటి జంట కలిసే అవకాశం ఎక్కువ. దీనిని మనం దాచనక్కరలేదు, మన యువతకు చెప్పాలి కూడా. అయితే మేనరికం తెలుగునేలంతటా ఉన్న ఆచారం. మేనమామ మేనకోడలిని పెండ్లాడటం మనకు నిషిద్ధం. జన్యువుల లెక్కలో అది అన్నదమ్ముల పిల్లల బంధంకంటే దగ్గరిది. ఎత్తిపొడుపుకు చెప్పడం లేదు. మతాన్నిబట్టి అనుమానించే పరీక్ష మనకు వద్దు, పుట్టిన ప్రతి బిడ్డకూ చేసే పరీక్ష కావాలి. గోవా ప్రభుత్వం 2008లోనే ఈ దారి పట్టింది.

ఈ సభ ఇచ్చే వినతిపత్రంలో ఒక చిన్న విషయాన్ని కూడా చేర్చమని కోరుతున్నాను. పడకలు చాలక తల్లిని ముందే ఇంటికి పంపివేస్తే, మడమ రక్తం తీయడానికి ఎవరు ఎక్కడికి రావాలో రాసి ఇవ్వాలి. అఖీఖా దాకా బిడ్డకు పేరుండదు కనుక కాగితంపై తల్లి పేరే రాస్తారు. ఒకే వార్డులో ముగ్గురు షాహీన్ బేగంలు ఉండవచ్చు. తండ్రి పేరు, బస్తీ, ఇంట ఎప్పుడూ ఉండేవారి ఫోన్ నంబరు ఆ కాగితంపై తప్పక ఉండాలి.