మోక్షగుండం వారు: ఒక ఇంటిపేరు నడిచిన దారి

(ఇంజనీర్ల దినోత్సవ స్మారకోపన్యాసం)

ఏటా సెప్టెంబరు 15న జరిగే సభల్లో వినబడే మాటలు ఇంచుమించు ఒకటే. కృష్ణరాజసాగరం, ఖడక్‌వాస్లా ఆటోమేటిక్ గేట్లు, 1908 నాటి మూసీ వరద, ఆ తర్వాత వచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. అన్నీ చెప్పుకోదగ్గవే. చెప్పుకోనిదల్లా సర్ ఎం. విశ్వేశ్వరయ్య అనే పేరులో మొదటి అక్షరం. శిలాఫలకాల మీద, కాలేజీ బోర్డుల మీద, పాఠ్యపుస్తకాల్లో కోట్లమంది చదివిన ఆ ‘ఎం’ గురించే ఈ ఉపన్యాసం.

ఎం అంటే మోక్షగుండం. అది ఆయన తండ్రి పేరు కాదు. తండ్రి శ్రీనివాసశాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. పుట్టిన ఊరూ కాదు. ఆయన పుట్టింది నంది కొండల పక్కన ముద్దేనహళ్ళిలో, అప్పటి మైసూరు సంస్థానంలో. మోక్షగుండం అనే ఊరు అక్కడికి కాకిదారిన లెక్కేసుకున్నా రెండు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, ఆంధ్రప్రదేశ్‌లోని బేస్తవారిపేట మండలంలో ఉంది. ముక్తేశ్వరస్వామి గుడి, నల్లమల గాలి తగిలే మెట్ట పొలాలు, చుట్టుపక్కల గిద్దలూరు, కంభం, మార్కాపురం. పూర్వీకులు ఏనాడో ఆ ఊరు విడిచి మైసూరు సీమకు చేరారు. ఊరు వెనకబడింది, దాని పేరు మాత్రం వాళ్ళ వెంట వచ్చింది.

ఈ మోక్షగుండానికి కాస్త అవతలే కంభం చెరువు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి విజయనగర కాలంలో నిలబెట్టిన జలాశయం అది. కట్టించింది వరదరాజమ్మ అని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి సంఘం దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. దేశానికి ఆనకట్టలు కట్టిన మనిషి పూర్వీకుల ఊరు ఇంత పాత ఆనకట్ట పక్కన ఉండేసరికి ఇంజనీరింగు ఆ వంశంలోనే ఉందనాలని ఎవరికైనా నాలుక దురద పెడుతుంది. అది ఉబలాటమే. ఊరిపేరు నీటి విద్యను మోసుకుపోదు. అది మోసుకుపోయే సంగతి వేరే ఉంది.

మోక్షగుండంలో కాపురమున్నంత కాలం ఎవరినీ ‘మోక్షగుండం వారు’ అని పిలవరు. ఊళ్ళో అందరూ మోక్షగుండం వాళ్ళే అయినప్పుడు ఆ గుర్తుతో పనేముంది? ఆ కుటుంబం పదామడల అవతల మరో ఊళ్ళో దిగాలి. అక్కడ అప్పటికే ఇద్దరు సుబ్బయ్యలు ఉండాలి. కరణం గారి సుబ్బయ్య, గుడి పక్క సుబ్బయ్య పోగా మిగిలినతను మోక్షగుండం నుంచి వచ్చిన సుబ్బయ్య. రెండు తరాలు గడిస్తే ‘నుంచి వచ్చిన’ రాలిపోతుంది, మోక్షగుండం సుబ్బయ్య మిగులుతాడు. మనవడి పెళ్ళి శుభలేఖ నాటికి అది ఇంటిపేరుగా స్థిరపడుతుంది. కాబట్టి ఊరిపేరు ఇంటిపేరైన చోటల్లా ఒక వలస దాగి ఉంటుంది. అలాంటి ఇంటిపేరు ఎక్కడెక్కడ ఉందో పటం గీస్తే విచిత్రమైన బొమ్మ వస్తుంది. చుట్టూ చుక్కలుంటాయి, నడుమ పుట్టిన ఊరి దగ్గర ఖాళీ. అరుదైన ఇంటిపేరు వెతికేవాళ్ళు సాధారణంగా ఆ పేరున్న ఊరికి వెళ్ళి, ‘మా వాళ్ళెవరైనా ఉన్నారా’ అని అడిగి, ఎవరూ లేరని నిరాశపడి తిరిగొస్తారు. నిజానికి ఆ ఊళ్ళో ఎవరూ లేకపోవడమే సహజం.

ఇలాంటి పేరు అరుదుగా మిగలడానికి కారణమూ ఇక్కడే దొరుకుతుంది. చిన్న ఊరు, అందులోంచి కదిలినవి ఒకటో రెండో ఇళ్ళు, ఆ ఇళ్ళలో మగ సంతానం ఎంత ఉంటే ఆ పేరు అంత. పెద్ద ఊళ్ళ పేర్లు, వృత్తుల పేర్లు, బిరుదుల పేర్లు పది చోట్ల విడివిడిగా పుట్టగలవు. మోక్షగుండం లాంటిది అలా పుట్టలేదు.

అదే కంభం సీమ నుంచి మరో ఇంటిపేరు దక్షిణానికి వెళ్ళింది. అర్ధవీడు మండలంలో కాకర్ల అనే ఊరుంది. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆయన 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో కావేరి ఒడ్డున జీవించి, 1847లో అక్కడే సిద్ధి పొందారు. తండ్రి కాకర్ల రామబ్రహ్మం. తంజావూరును నాయక రాజులు ఏలిన కాలంలోనూ, తర్వాత మరాఠాల కాలంలోనూ అక్కడ తెలుగుకు ఆదరణ ఉండేది. తెలుగు పండితులకు, కవులకు, సంగీతజ్ఞులకు అగ్రహారాలు దక్కేవి. త్యాగరాజు, విశ్వేశ్వరయ్య ఇద్దరూ ములికినాటి బ్రాహ్మణులు. ములికినాడు అన్నది కూడా ఒకనాటి సీమ పేరే. ఆ సీమ ఇవాళ ఏ రెవెన్యూ పటంలోనూ లేదు, శాఖ పేరులో మాత్రం బతికుంది. ఒకే మెట్ట ప్రాంతంలో పొరుగు ఊళ్ళ పేర్లు రెండు, ఒకటి కావేరి డెల్టాకు, ఒకటి మైసూరు పీఠభూమికి చేరి, ఒకటి కర్ణాటక సంగీతంలోనూ మరొకటి ఆధునిక భారతంలోనూ పెద్ద పేర్ల ముందు నిలబడ్డాయి. కంభం ప్రాంతపు బడిపిల్లలకు ఈ సంగతి పాఠంగా చెప్పకపోవడం విచారకరం.

కాకర్లకు ఇంకో ముచ్చట ఉంది. హైదరాబాదు నిమ్స్‌కు తొలి డైరెక్టరుగా పనిచేసిన ప్రసిద్ధ రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు గారు 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టారు. ఇంటిపేరు అదే, కులం వేరు, సీమ వేరు. ఇద్దరి మధ్యా చుట్టరికం వెతకడం వృథా. ఒక ఊరి నుంచి కదిలే బళ్ళలో పూజారీ ఉంటాడు, రైతూ ఉంటాడు, కంసాలీ ఉంటాడు. దిగిన చోట జనం అందరికీ ఆ ఊరి పేరే తగిలిస్తారు. ఒకే పేరున్న ఊళ్ళు రెండు మూడు ఉండడమూ మామూలే. అందుకే పెళ్ళి సంబంధం దగ్గర పెద్దలు ఇంటిపేరు విన్న వెంటనే ‘గోత్రం ఏమిటండీ?’ అని రెండో ప్రశ్న వేస్తారు. కొన్ని కులాల్లో ఇంటిపేరు ఒకటైతే చాలు, అన్నదమ్ముల వరసే, పెళ్ళి మాట ఎత్తరు. కొన్నింట్లో గోత్రం వేరైతే అభ్యంతరం లేదు.

సంధ్యావందనంలో చెప్పే ప్రవర చూడండి. ఋషులు వస్తారు, గోత్రం వస్తుంది, సూత్రం, శాఖ వస్తాయి, చివర మనిషి పేరు వస్తుంది. ఇంటిపేరు రాదు. గుళ్ళో అర్చన చేయించినా పూజారి అడిగేది గోత్రనామాలే. ఇంటిపేరు వీధి అరుగు మీద, కరణం దస్త్రంలో, సంబంధాల కబుర్లలో పుట్టి పెరిగింది. దాన్ని శాస్త్రం కాపాడలేదు, లోకం నోటిలో నిలిచింది. లోకం మాట మారితే అదీ మారింది.

మైసూరు సీమలో, అరవదేశంలో ఆ మాట మారింది. అక్కడ పేరు ముందు పొడి అక్షరాలే వాడుక. ఆ అక్షరం తండ్రి పేరుకో, ఊరికో గుర్తు. తెలుగు ఇంటిపేరు అక్కడికి వెళ్ళి ఆ అచ్చులో ఒదిగిపోయింది. మోక్షగుండం ‘ఎం’ అయింది, సర్వేపల్లి ‘ఎస్’ అయింది. సర్వేపల్లి నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలంలో ఊరు. ఆ పేరుతో శాసనసభ నియోజకవర్గమూ ఉంది. రాధాకృష్ణన్ మాత్రం 1888లో తిరుత్తణిలో పుట్టారు. అప్పుడది ఉత్తర ఆర్కాటు జిల్లా. తర్వాత చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఆయన పేరు చివర అరవ పొల్లు ‘న్’, ముందు నెల్లూరు ఊరు. మోక్షగుండం సంగతీ అంతే. ఒకప్పుడు కర్నూలు జిల్లా కంభం తాలూకా, 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఆ భాగమంతా ప్రకాశంలో కలిసింది. జిల్లాల గీతలు ఎన్ని మారినా ఇంటిపేరులోని ఊరు మారదు.

ఆ స్థిరత్వం ఒక్కోసారి సాక్ష్యానికీ పనికొస్తుంది. బమ్మెర పోతన ఎక్కడివాడన్న వివాదం తెలుగు సాహిత్యంలో పాత తగాదా. ఆయన చెప్పుకున్న ఏకశిలానగరం అంటే కడప జిల్లా ఒంటిమిట్టేనని ఒక పక్షం, ఓరుగల్లేనని మరో పక్షం పుస్తకాలు రాసుకున్నాయి. ఓరుగల్లు పక్షానికి గట్టి ఆధారం ఆయన ఇంటిపేరు. బమ్మెర ఊరు ఇవాళ్టికీ జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. పక్కనున్న ఆ పాలకుర్తే కవి పాల్కురికి సోమనాథుడి పేరులోని పాల్కురికి. అయితే పైన చెప్పిన లెక్క ప్రకారం ఇంటిపేరు మూలస్థానాన్ని చెబుతుందే గాని నివాసాన్ని చెప్పదు. బమ్మెర వారు బమ్మెరలోనే ఉండాలన్న నియమం లేదు. ఆ వాదంలో ఈ చిక్కుముడిని రెండు పక్షాలూ తగినంత పట్టించుకోలేదనే చెప్పాలి. బమ్మెరకు మొగ్గడానికి వేరే కారణాలు చాలానే ఉన్నాయి, అది వేరే సభకు.

ఇంటిపేరు మనల్ని దారి తప్పించే సందర్భాలూ ఉన్నాయి. శ్రీశ్రీ పూర్తి పేరు శ్రీరంగం శ్రీనివాసరావు అని చదివి ఆయన వంశాన్ని కావేరి నడుమనున్న శ్రీరంగంలో వెతికితే పప్పులో కాలేసినట్టే. పుట్టిన వంశం పూడిపెద్ది వారిది, దత్తత వల్ల శ్రీరంగం వచ్చింది. దత్తత, ఇల్లరికం, తాతగారి ఆస్తికి వారసత్వం, వీటితో ఇంటిపేర్లు చేతులు మారుతూనే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద లోటు ఆడవాళ్ళ వైపు ఉంది. పెళ్ళితో పుట్టింటి పేరు పోతుంది కనుక, ఏ ఇంటిపేరు పటమైనా మగవాళ్ళ దారినే చూపిస్తుంది. ఒక మోక్షగుండం వారి ఆడపడుచు ఏ ఊరి కోడలైందో, ఆమె మనవలు ఎక్కడ స్థిరపడ్డారో ఆ పటంలో కనబడదు. సగం కథ మొదటే జారిపోతుంది.

సముద్రం దాటినవాళ్ళ కథ దీనికి తలకిందులు. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి తెలుగువాళ్ళు మారిషస్ వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ వాళ్ళను కోరంగీలన్నారు. ఓడ దిగినప్పుడు గుమాస్తా రాసుకున్నది మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం. ఇంటిపేరు అడిగినవాడు లేడు. తర్వాతి తరాలకు తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరై కూర్చుంది. అక్కడ పూర్వీకుల ఊరు ఇంటిపేరులో లేదు, దస్త్రంలో ఉంది. ఆ వలస దస్త్రాలు మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మూడు నాలుగు తరాల తర్వాత మనవలు వచ్చి నకలు తీసుకుని, ఉత్తరాంధ్రలోనో గోదావరి తీరంలోనో ఊరు వెతుక్కుంటున్నారు. విశ్వేశ్వరయ్య కుటుంబానికి ఊరు పేరులోనే దొరికింది, వాళ్ళకు కాగితంలో దొరికింది.

మన దగ్గర కాగితం లేదా? ఉంది. తేళ్ళ సత్యవతి తెలుగువారి ఇంటిపేర్ల మీద సిద్ధాంతగ్రంథమే రాశారు. అయినా ఒక్క ఇంటిపేరును పట్టుకుని దాని దారంతా నడిచే పని ఇప్పటికీ కుటుంబ వంశవృక్షాల స్థాయిలోనే మిగిలింది. గయలో, కాశీలో పండాల పుస్తకాలు ఉన్నాయి. పితృకార్యానికి వెళ్ళినవాడి ఊరు, తండ్రితాతల పేర్లు అందులో ఎక్కుతాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో వేసిన ఇనాం కమిషన్ ప్రతి అగ్రహారం దగ్గరా ఎవరు మొదట దానం పొందారు, ఇప్పుడెవరు అనుభవిస్తున్నారు అని రిజిస్టర్లు రాయించింది. కంభం తాలూకా ఊళ్ళ రిజిస్టర్లను, అటు కోలారు, చిక్కబళ్ళాపురం వైపు దానపత్రాలను పక్కపక్కన పెట్టి చదివితే మోక్షగుండం వారి ప్రయాణంలో మజిలీలు తేలడానికి వీలుంది. తెలుగు, కన్నడం రెండూ చదవగల విద్యార్థి ఒకరు దీనికి కావాలి.

వీటికన్నా ముందువి మెకంజీ కైఫియత్తులు. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో ఊరూరా కరణాల చేత రాయించిన స్థల చరిత్రలవి. ఏ రాజు ఎవరికి ఏ ఊరు ఇచ్చాడు, ఎవరు లేచిపోయారు, ఎవరు వచ్చి చేరారు అన్నవి వాటిలో కథలుగా దొరుకుతాయి. కల్నల్ మెకంజీకి ఆ పనిలో కుడిభుజంగా నిలిచినవాళ్ళు బొర్రయ్య, లక్ష్మయ్య అనే అన్నదమ్ములు. వాళ్ళు ఏలూరు వాళ్ళు, ఇంటిపేరు కావలి. కావలి అనే ఊరు నెల్లూరు సీమలో ఉంది.