పొగ గంట ఊరికే మోగకుండా



మనలో కొందరు హైదరాబాదు అపార్టుమెంట్లలో వంటపనికి వెళుతున్నారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసేవారూ ఉన్నారు. అలాంటి కొన్ని ఇళ్లలో పైకప్పుకు సాసరంత తెల్ల పెట్టె ఉంటుంది. దాన్ని స్మోక్ డిటెక్టర్ అంటారు. మనం పొగ గంట అందాం. పొగ తగిలితే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది.

"ఎండుమిరపకాయల పోపు వేస్తే చాలమ్మా, గోల పెడుతుంది. అమ్మగారు బ్యాటరీ తీసెయ్యమన్నారు" అని ఒక అక్క నాతో అన్నది. తీయొద్దు అక్కా! ఇల్లు అంటుకున్నప్పుడు చాలామంది ప్రాణం తీసేది మంట కాదు, పొగ. నిద్రలో ఉన్నవాళ్లను పొగ వాసన లేపదు. గంట లేపుతుంది.

మరి ఊరికే ఎందుకు మోగుతుంది? చాలా పెట్టెల లోపల సన్నని వెలుతురు ఉంటుంది. పొగ దూరితే ఆ వెలుతురు చెదురుతుంది. గంట మోగుతుంది. పాపం, దానికి ముక్కు లేదు. పోపు పొగ, అన్నం ఆవిరి, సాంబ్రాణి, దుమ్ము, చిన్న పురుగు - దానికి అన్నీ ఒకటే.

అందుకని పొయ్యి వెలిగించే ముందే పొగ లాగే ఫ్యాను వెయ్యండి. కిటికీ తెరవండి. వంటింటి తలుపు మూయండి. నూనెను పొగలు కక్కేదాకా కాచొద్దు. పెట్టె కింద సాంబ్రాణి వేయొద్దు. పెట్టె పొయ్యికి 10 అడుగుల లోపలే ఉంటే జరిపించమని ఇంటివాళ్లకు చెప్పండి. వంటింట్లోకి వేడికి మాత్రమే మోగే రకం దొరుకుతుంది. అడగడానికి మొహమాటం ఎందుకు? ఆ పొయ్యి దగ్గర నిలబడేది మనమే కదా!

నెలకోసారి మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపాలి. నీళ్లతో కడగొద్దు. ఇంటివాళ్లకు చెప్పి, బొత్తాం నొక్కి మోగుతోందో లేదో చూడాలి. నిమిషానికోసారి 'కిచ్' మంటే అది పొగ కాదు, బ్యాటరీ అయిపోతోందని అర్థం. పెట్టె వెనక అది తయారైన సంవత్సరం ఉంటుంది. అంకెలు మీకు వచ్చు, చదవండి. 10 ఏళ్లు దాటితే కొత్తది పెట్టాలి.

గంట మోగితే ముందు పొయ్యి కట్టేయండి. ఇల్లంతా కంటితో చూడండి. పోపు పొగే అయితే కిటికీలు తీసి, పెట్టె కింద తువ్వాలుతో విసరండి. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, మూత పెట్టండి. మంట పెద్దదైతే అందరినీ పిలిచి మెట్ల మీదుగా దిగండి. లిఫ్టు ఎక్కొద్దు. బయటికి వచ్చాక ఇక్కడైతే 101కి, కువైట్‌లో అయితే 112కి ఫోను చేయండి.