బీడులోని మోడును బతకనివ్వండి



మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరిచేలు మీకు తెలిసినవే. కాలువనీరు ఎక్కని చెలకలను, గుట్టవారలను, సూర్యాపేట చుట్టుపట్ల రాళ్లబీళ్లను కూడా ఒకసారి చూడండి. మోదుగ, తునికి, చండ్ర, వేప పుట్టి పెరిగే నేల అది. వంటచెరకుకు కొట్టాము, మేకలకు వదిలాము, మిగిలినది యంత్రంతో చదును చేస్తున్నాము.

అయినా ఆ అడవి పూర్తిగా పోలేదు, వేరులో వుంది. మోదుగను, తునికిని నరికినా వేరు చావదు. ఏటా చిగురు వేస్తుంది, మేక కొరుకుతుంది, మళ్లీ వేస్తుంది. మనం పొద అంటున్నది చాలాచోట్ల ఎదగనివ్వని చెట్టే.

చేయవలసిన పని యిది. బీడులో ఒక భాగానికి ముళ్లకంప కట్టి పశువులను ఆపండి. ఒక్కొక్క మోడుకు బలమైన పిలకలు మూడు నాలుగు వుంచి, తక్కినవి కోసి పొయ్యిలోకి వాడుకోండి. వుంచిన పిలకలకు కింది సగం కొమ్మలు తీయండి. ఎండకాలం రాకముందే చుట్టూ గడ్డి చెక్కివేస్తే నిప్పు లోపలికి పాకదు. మోడు లేనిచోట గింజ వేయండి. వేపగింజ నిలవకు ఆగదు; పండు రాలిన రెండు మూడు వారాల్లోనే వేయాలి.

"మరి మేకలవాళ్లు ఎక్కడికి పోవాలె?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. అందుకని బీడంతా ఒకేసారి మూయవద్దు. నాలుగోవంతు మూసి, అందులో గడ్డి కోసుకోనివ్వండి. చెట్టు మేక నోటికి అందనంత ఎదిగినాక దానిని తెరిచి, మరొక భాగం మూయండి. మేకలవాళ్లతో కూర్చొని మాట్లాడకుండా కట్టిన కంప నిలవదు.

ఆఫ్రికాలోని నైజర్ దేశంలో 1983 ప్రాంతాన మరాది దగ్గర మొదలుపెట్టి, రైతులు యిట్లాగే పొలాల్లోని మోడులను కాపాడి, సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి తెచ్చుకున్నారు. మన దగ్గరే, సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణగారు సొంత భూమి 70 ఎకరాలను అడవిగా పెంచారు. అక్కడి పండ్లు పక్షులకే వదిలారు.

అందరూ 70 ఎకరాలు వదలలేరు. గుట్టవార అరెకరం వదలగలరు. ఈసారి బీడుకు యంత్రం పిలిచేముందు ఒక్కమారు నడిచి, చిగురు వేస్తున్న మోడులను లెక్కపెట్టండి. తాతలనాటి వేరు వాటి కింద వుంది. కొత్తగా నాటిన మొక్కకు అంత వేరు పట్టడానికి మన జీవితకాలం చాలదు.