యంత్రానికీ గురువు కావాలి



కంప్యూటర్ తనంతట తానే చదివి జ్ఞానం సంపాదిస్తుందా అని చాలామంది అడుగుతుంటారు. చదువుతుంది. కాని మనలాగే దానికీ పుస్తకం కావాలి, దిద్దే గురువు కావాలి.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో ‘నెల్’ అనే ప్రోగ్రామును మొదలుపెట్టింది. అది రాత్రింబవళ్ళు ఇంటర్నెట్‌లోని ఇంగ్లీషు పేజీలు చదివేది. కొన్ని ఊళ్ళ పేర్లు చెబితే, వాటి పక్కన ఏ మాటలు వస్తున్నాయో గమనించి, అవే మాటలు పక్కనున్న కొత్త పేర్లనూ ఊళ్ళుగా రాసుకునేది. చాలా నేర్చుకుంది. కాని ఇంటర్నెట్ ‘కుకీ’లను బేకరీ తినుబండారాల్లో చేర్చింది. కుకీలను డిలీట్ చేస్తారు, ఫైళ్ళనూ డిలీట్ చేస్తారు కాబట్టి ఫైళ్ళు కూడా తినేవేననుకుంది! చివరికి మనుషులే దిద్దాల్సి వచ్చింది.

మన భాష సంగతి చూడండి. మాడవీధుల్లో ‘నామం పెట్టాడు’ అంటే నుదుట తిరునామం దిద్దాడని. అప్పు ఎగ్గొట్టినవాణ్ణీ ‘నామం పెట్టాడు’ అనే అంటాం. ఈ తేడా యంత్రానికి తెలియాలంటే అలాంటి తెలుగు వాక్యాలు అది వేలకొద్దీ చదవాలి. అవి ఇంగ్లీషులో ఉన్నన్ని తెలుగులో లేవు.

అదే కార్నెగీ మెలన్‌లో ఆచార్యులుగా పనిచేసిన రాజ్ రెడ్డి గారు మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవారు, 1994 ట్యూరింగ్ పురస్కార గ్రహీత. ఆయన ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో తెలుగు పుస్తకాలూ స్కాన్ అయ్యాయి. కాని స్కాన్ చేసిన పేజీ ఒట్టి ఫోటో. అందులోని గుణింతాలు, ఒత్తులు గుర్తుపట్టి అక్షరాలుగా మార్చాలి. ఆ మార్పులో దొర్లే తప్పులు తెలుగు వచ్చిన మనిషి సరిచూడాలి.

చదవకపోతే ఏమవుతుందో మన కొండకు తెలుసు. తాళ్ళపాక వారి రాగిరేకులు గుడిలోనే ఉన్నా, శతాబ్దాలపాటు వాటిని పట్టించుకున్నవారు లేరు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు చదివి, పరిష్కరించాకే అన్నమయ్య మళ్ళీ ఇంటింటికీ వచ్చాడు.

స్వర్ణోత్సవ వేళ నాదొక మనవి. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. ఎవరైనా రాయవచ్చు. వికీసోర్సులో కాపీరైటు తీరిన పాత పుస్తకాలను దిద్దవచ్చు. మనలో ప్రతి ఒక్కరూ వారానికి ఒక్క పేజీ తీసుకుందాం. మన నోటుపుస్తకాలను ఎర్రసిరాతో దిద్దిన గురువులు మాకు ముందుండాలి. మనం రాయని తెలుగును ఏ యంత్రమూ నేర్చుకోలేదు.