పాయింట్ల పట్టికలో మన జట్టు

ఉదయమున వార్తాపత్రిక చేతికి రాగానే కొందరు బంగారము ధర చూస్తారు; కొందరు రాశిఫలము చూస్తారు. ఆటల పుటకు తిప్పి, అడుగున ఒక మూల చీమలబారువలె అచ్చయిన పాయింట్ల పట్టికను వెదకేవారు మరికొందరు. నేను ఈ మూడవ తెగకు చెందినవాడను. ఫుట్‌బాల్ లీగు నడిచే నెలలలో ఆ పట్టిక చూడనిదే నాకు కాఫీ రుచింపదు. చూచి ఊరుకొనుట కూడా లేదు. ఒక నోటుబుక్కులో గళ్ళు గీచి, ఆడినవెన్ని, గెలిచినవెన్ని, ఓడినవెన్ని, సమముగా ముగిసినవెన్ని అని వ్రాసుకొనుట అలవాటు. పాలవాని లెక్క ఇంత శ్రద్ధగా వ్రాసిన పాపాన పోలేదని మా ఇంటిలో ఒక ఫిర్యాదు ఉన్నది. అది న్యాయమైన ఫిర్యాదే.

మా నాన్నగారికి మొదట ఈ పట్టికలమీద గురి లేదు. ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు కథలు వింటూ పెరిగినవారు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలుచుకొని వచ్చినది. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టును నాలుగవ స్థానమునకు చేర్చినారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకము తెప్పించినారు. ఈ సంవత్సరములు మా నాన్నగారికి మా పుట్టినరోజులకంటె బాగా గుర్తు. అయితే రోవర్స్ కప్పు ఓడినవారిని ఇంటికి పంపివేసే పోటీ. ఓడితే మూటముల్లె సర్దుకొని రైలెక్కవలసినదే. లీగు స్వభావము వేరు. అందులో ఓడినవాడు వారము తిరుగకుండ మరల మైదానములో నిలుచుంటాడు. "ఓడినవానికి మళ్ళీ ఆటేమిట్రా?" అనేవారు మా నాన్నగారు. ఆయన దృష్టిలో అది పరీక్ష తప్పినవానిని పై తరగతిలో కూర్చుండబెట్టుట వంటిది.

2019వ సంవత్సరము ఆగస్టులో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడి, ఇండియన్ సూపర్ లీగులో అడుగుపెట్టినది. పూనా నగరపు క్లబ్బు తొలగగా ఏర్పడిన ఖాళీ అది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియము దాని సొంత మైదానము. ఇన్నేండ్లకు మన ఊరిపేరు లీగు పట్టికలోనికి ఎక్కినందుకు నేను సంతోషించినాను. మా నాన్నగారు, "చూద్దాము" అన్నారు.

లీగు తెలియని శ్రోతలకొరకు ఒక మాట. ఆ ఏండ్లలో ప్రతి జట్టు తక్కిన ప్రతి జట్టుతోను రెండుసార్లు ఆడేది. ఒకసారి సొంత ఊరిలో, ఒకసారి పరాయి ఊరిలో. గెలుపునకు మూడు పాయింట్లు, సమానమైన ఆటకు ఒకటి, ఓటమికి సున్న. ఆటలన్నియు ముగిసిన పిమ్మట పై వరుసలలోని జట్లు మాత్రము ప్లేఆఫ్ అనే రెండవ అంకమునకు పోయేవి. 2021-22 వరకు ఆ భాగ్యము నాలుగు జట్లకే ఉండేది. ఆ మరుసటి సంవత్సరము నుండి ఆరింటికి కలిగినది. కనుక మొదటి స్థానమునకు జరిగే పోరు ఒకటి, ఆ గీతకు పైన ఉండుటకు జరిగే పోరు మరొకటి. నా అనుభవములో రెండవదే ఎక్కువ నిద్ర చెడగొడుతుంది.

మొదటి ఏడు మన జట్టు తొలి ఆట కలకత్తాలో 5-0తో ఓడినది. సొంత మైదానములో తొలి ఆట కేరళపై 2-1తో గెలిచినది. దానికి మా నాన్నగారిని కూడా తీసికొని వెళ్ళినాను. తిరుగుదారిలో ఆయన ఏమీ విమర్శింపలేదు, అదే మెప్పు. అంతటితో మా అదృష్టము నిండుకొన్నది. 18 ఆటలలో రెండు గెలుపులు, పండ్రెండు ఓటములు, మొత్తము 10 పాయింట్లు, పది జట్లలో పదవ స్థానము. ఆ రోజులలోనే సోమవారము సోమవారము మా నాన్నగారు, "మనవాళ్ళెక్కడున్నార్రా?" అని అడుగుట మొదలైనది. "అడుగున" అని నేను చెప్పేవాడను. "అడుగునైతే ఒక సుఖమున్నది, కండ్లద్దాలు లేకపోయినా కనబడుతుంది" అనేవారు. ఆఖరి ఆటలో మాత్రము ఈశాన్య రాష్ట్రముల జట్టుపై మనవాళ్ళు 5-1తో గెలిచినారు. పట్టికలో దానివలన మారినది ఏమీ లేదు. అయినా నోటుబుక్కులో ఆ గడిని ఎర్రసిరాతో నింపినాను.

రెండవ ఏడు, అనగా 2020-21, నేను మరువలేనిది. మహమ్మారి కారణముగా ఆటలన్నియు గోవాలోనే, ప్రేక్షకులు లేని మైదానములలో జరిగినవి. స్పెయిను దేశస్థుడు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చినాడు. జట్టు ఓడుట మానివేసినది. కాని గెలుచుట కూడా అంతంతమాత్రమే. ఒకటి ఒకటి, సున్న సున్న, రెండు రెండు. ఇట్లు ఆటవెంట ఆట సమముగా ముగిసేది. మొదట ఇది నాకు మహదానందముగా ఉండేది. ఓడలేదు గదా! నోటుబుక్కులో కూడికలు వేయునప్పుడు గాని అసలు సంగతి బోధపడలేదు. సమానమైన ప్రతి ఆట చేతికి ఒక పాయింటు ఇచ్చి, కనబడకుండ రెండు తీసికొనిపోతున్నది. రోగము తెలియని సన్నజ్వరము వంటిది అది.

ఆ ఏడు చివరి పట్టిక చూడండి. మొదటి రెండు స్థానములలో నిలిచిన ముంబయి, కలకత్తా జట్లు చెరి నాలుగు ఆటలు ఓడినవి. మన హైదరాబాదు ఓడినవి మూడే. ఎక్కువ ఓడినవారు 40 పాయింట్లతో శిఖరమున ఉన్నారు, తక్కువ ఓడిన మనము 29తో ఐదవవారము! వారి గెలుపులు పండ్రెండేసి, మనవి ఆరు. మనకు సమానమైనవి పదునొకండు. పూర్వము లీగులలో గెలుపునకు రెండే పాయింట్లిచ్చేవారు. 1981లో ఇంగ్లండు దానిని మూడుగా మార్చినది. 1994లో ప్రపంచకప్పు కూడా ఆ దారి పట్టినది. జంకుతూ ఆడి సమముగా ముగించుకొనే జట్లను కదిలించుట దాని ఉద్దేశము. పాత లెక్క ప్రకారము మనకూ శిఖరమునకూ ఐదు పాయింట్లే ఎడముండేది. కొత్త లెక్కలో అది పదునొకండు అయినది. నియమము న్యాయమైనదే. కాని న్యాయము మన ఇంటిమీదికి వచ్చినప్పుడు దానిని మెచ్చుకొనుట కష్టము.

ప్లేఆఫ్ పందెములో ఉన్న జట్టు అభిమాని మనస్సు ఎంత సంకుచితమగునో అప్పుడే తెలిసినది. మన ఆట లేని రోజున కూడా విశ్రాంతి లేదు. గోవా ఎవరితో ఆడుతున్నదో చూచి, ఆ రెండవ జట్టువారు నా మేనమామ కొడుకులైనట్లు కేకలు పెట్టేవాడను. మరునాడు అదే జట్టు మనకు పోటీయని తెలిసి శాపనార్థములు పెట్టేవాడను. "ఇన్నాళ్ళు నీవు ధర్మబుద్ధి కలవాడవనుకొన్నాను" అన్నారు మా నాన్నగారు. ఆయన కూడా అప్పటికి ఒక కుర్చీ ముందుకు జరుపుకొన్నారు.

2021 ఫిబ్రవరి 28 సాయంకాలము చివరి ఆట వచ్చినది. ఎదుటివారు గోవావారే. వారికి 30 పాయింట్లు, మనకు 28. మనము గెలిస్తే 31, వారు ముప్పదివద్ద ఆగిపోతారు; నాలుగవ స్థానము మనది. సమముగా ముగిస్తే వారిది. నోటుబుక్కులో ఇంత సులువైన లెక్క అంతకుముందు ఎన్నడూ పడలేదు. ఆ తొంబది నిమిషములు మా ఇంటిలో ఎవరును లేచి దీపము వేయలేదు. ఆట సున్న సున్నగా ముగిసినది. పదకొండవ సమానము. మా నాన్నగారు చాలసేపటికి, "ఓడనైనా లేదురా" అన్నారు. అదే గదా బాధ! ఓడిన ఆటకు ఏడ్వవచ్చును. దీనికి ఏమి చేయవలెనో తెలియదు.

మరుసటి ఏడు జట్టు వైఖరి మారినది. బార్తొలోమ్యూ ఒగ్బెచే అనే నైజీరియా ఆటగాడు వచ్చి 18 గోలులు కొట్టినాడు. లీగులో అందరికంటె అవే ఎక్కువ. ఓటములు మూడునుండి నాలుగైనవి, సమానమైనవి పదకొండునుండి ఐదైనవి, గెలుపులు ఆరునుండి పదకొండైనవి. మొత్తము 38 పాయింట్లు, రెండవ స్థానము. ఒక ఆట ఎక్కువ ఓడి మూడు మెట్లు పైకి ఎక్కినాము. ముందటి సంవత్సరపు పుట, ఈ పుట పక్కపక్కన పెట్టి మా నాన్నగారికి చూపించినాను. ఆయన రెండుసార్లు కూడి చూచుకొని, "మీ పట్టికలో ఏదో ఉన్నదిరా" అని ఒప్పుకొన్నారు.

ఒప్పుకొన్నారే గాని, ఆయనకు ప్రాణము లేచివచ్చినది ప్లేఆఫులు మొదలైనప్పుడే. ఓడితే ఇంటికే, అది ఆయనకు తెలిసిన ఆట! ఇక్కడ మాకు ఇప్పటికీ తీరని తగవు ఒకటి ఉన్నది. ఆ ఏడు 43 పాయింట్లతో మొదట నిలిచినది జంషెడ్‌పూరు. దానికి లీగు షీల్డు దక్కినది. కాని సెమీఫైనలులో నాలుగవ స్థానపు కేరళ దానిని ఓడించినది. ఇరువది ఆటలు చెమటోడ్చి సంపాదించినది రెండు ఆటలలో పోవుట ధర్మమా అని నా వాదన. షీల్డు గెలిచినవాడే నిజమైన విజేతయని నేను అంటాను. "సంవత్సరమంతా బాగా చదివి పరీక్షనాడు తప్పినవానిని ఏమంటారు?" అని ఆయన అంటారు.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానములో హైదరాబాదు, కేరళ తలపడినవి. రెండేండ్ల తరువాత తలుపులు తెరువగా మైదానమంతా ప్రేక్షకులతో నిండినది; ఎక్కువమంది కేరళవారే. 68వ నిమిషమున వారు గోలు కొట్టినారు. ఆట ముగియుటకు రెండు నిమిషములున్నదనగా సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన బంతి వలలో పడినది. తరువాత పెనాల్టీలు. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపినాడు. 3-1తో కప్పు మనది. మా నాన్నగారు ఆ రాత్రి సిటీ పోలీసు జట్టు ప్రసక్తి తేలేదు. నేను గమనించినాను గాని అడుగలేదు.

2022-23లో 42 పాయింట్లతో మరల రెండవ స్థానము. సెమీఫైనలులో పెనాల్టీలలో ఓటమి. అక్కడినుండి కథ వేగముగా క్రిందికి దిగినది. క్లబ్బు ఆర్థికపుటిబ్బందులలో పడినది. పేరున్న ఆటగాండ్రు పెక్కురు వెళ్ళిపోయినారు. 2023-24లో 22 ఆటలకు 8 పాయింట్లు, గెలుపు ఒక్కటే, అది మద్రాసు జట్టు చెన్నయిన్‌పై. ఆ ఒక్క గెలుపు గురించి చెప్పవలెను. చెన్నయిన్‌వారు ఆ ఏడు 27 పాయింట్లతో ఆరవ స్థానమున, గీతకు పైన, బయటపడినారు. క్రింది జట్టుకు 26. అట్టడుగున ఉన్న మన కుర్రవాండ్రు వారి వద్ద గుంజుకొన్న పాయింట్లు వారిని మునుగుటకు ఒక పాయింటు దూరమువరకు తెచ్చినవి! పట్టికలో ఎవడును లెక్కకు రానివాడు కాడు. ఆ వారము మా ఇంటిలో మిఠాయి పంచినాము. కారణము అడిగినవారికి చెప్పలేకపోయినాము.

2024-25లో పదమూడు జట్లలో పండ్రెండవ స్థానము, 18 పాయింట్లు. మా నాన్నగారి ప్రశ్న మాత్రము సోమవారము తప్పలేదు. పైన ఉన్ననాడు కంటె అడుగున ఉన్ననాడే ఆయన దానిని మెల్లగా అడిగేవారు.

2025వ సంవత్సరము అక్టోబరులో వచ్చిన వార్తను నేనే ఆయనకు చదివి వినిపించవలసి వచ్చినది. క్లబ్బు ఢిల్లీకి తరలిపోయినది. పేరు కూడా మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయినది. పట్టికలో ఎంత అడుగున ఉన్నను ఒక పేరు ఉండేది. ఓటమివలన పేరు క్రిందికి దిగుతుంది. ఏ ఓటమివలనను చెరిగిపోదు. ఇది ఏ గడిలో వ్రాయవలసిన సంగతియో నా నోటుబుక్కుకు తెలియదు. పూనావారికి 2019లో ఇట్టి ఉదయమే ఒకటి వచ్చి ఉంటుందని నాకు అప్పుడు గాని తోచలేదు. ఆనాడు నేను పట్టికలో కొత్తగా వచ్చిన పేరు చూచి సంతోషించినానే గాని, పోయిన పేరును గురించి తలచుకొననైన లేదు.

మా నాన్నగారు వార్త అంతా విని, "ఐతే ఆ ఢిల్లీవాళ్ళు పట్టికలో ఉంటారా?" అని అడిగినారు.

"ఉంటారండీ."

"ఆటలు మొదలైతే ఎక్కడున్నారో చూచి చెప్పు" అన్నారు.

మనవాళ్ళు అనలేదు. నేను నోటుబుక్కులో కొత్త పుటకు గళ్ళు గీచి ఉంచినాను. పేర్ల వరుస ఇంకను నింపలేదు.