బజారున బడిన వాద్యము

గురుగ్రామ్ నగరమున పగలు కార్యాలయములలో కంప్యూటరు ముందు కూర్చుండు యువకులు కొందరు రాత్రివేళ అదే యంత్రముతో సంగీతము కూర్చుచుందురు. వారిలో తెలుగిండ్ల బిడ్డలును ఉండకపోరు. "తంత్రి లేదు, తోలు లేదు, ఇదియు సంగీతమేనా?" యని ఇంటి పెద్దలందురు. ఆ యువకుడే పదిమందికి నచ్చు పాట నొకటి కట్టినచో, "కళను అమ్ముకొంటివి" అని తోడి మిత్రులందురు. మొదటి నిందను కాలమే తీర్చును. రెండవది మాత్రము విచారింపదగినది.

దీనికి పొరుగుననే ఒక ఉదాహరణము కలదు. గౌరవ్ రైనా, తపన్ రాజ్ అను ఢిల్లీ మిత్రులిద్దరు 1997 లో 'మిడివల్ పండిట్జ్' అను పేర జట్టు కట్టిరి. హిందుస్థానీ గానమును, వేణువును, తబలాను యంత్రధ్వనులతో మేళవించిరి. వారి తొలి ఆల్బము 2002 లో అమెరికాకు చెందిన సిక్స్ డిగ్రీస్ సంస్థ ద్వారా వెలువడెను. 2009 లో వచ్చిన 'హెలో హెలో' నాటికి గిటారునకును, పాటకట్టునకును చోటు పెరిగెను. 2010 లో 'కార్తిక్ కాలింగ్ కార్తిక్' చిత్రమునకు కర్ష్ కాళేతో కలిసి నేపథ్యసంగీతము కూర్చిరి. చీకటి గదులలో నాట్యమాడువారి కొరకు పుట్టిన ధ్వని ఈ విధముగా సినిమాహాలు చేరినది. ఇది వికాసమా, పతనమా?

ఈ ప్రశ్నను మొదట ఎదుర్కొన్నవారు వీరు కారు. ఇంగ్లండులోని షెఫీల్డు ఉక్కుకర్మాగారముల నగరము. అచ్చట 1977 లో 'హ్యూమన్ లీగ్' అను బృందము వెలసినది. దానిని స్థాపించిన మార్టిన్ వేర్, ఇయాన్ మార్ష్ అనువారు కంప్యూటరు ఆపరేటర్లు. విద్యుత్తుతో స్వరమును పుట్టించు సింథసైజరే వారి వాద్యము. 1979 లోను, 1980 లోను వచ్చిన వారి రెండు ఆల్బములను కొలదిమంది మెచ్చిరేగాని విరివిగా కొన్నవారు లేరు. 1980 లో బృందము చీలినది. స్థాపకు లిద్దరును వెడలి 'హెవెన్ 17' అను వేరు బృందమును నెలకొల్పిరి. గాయకుడు ఫిలిప్ ఓకీ మిగిలెను. ఆతడు ఒక నృత్యశాలలో ఆడుచున్న ఇద్దరు పాఠశాలా బాలికలను చూచి బృందమున చేర్చుకొనెను. వారు వృత్తి గాయనులు కారు. అందరును నవ్విరి.

1981 అక్టోబరులో ఆ బృందము 'డేర్' అను ఆల్బమును వెలువరించినది. నిర్మాత మార్టిన్ రషెంట్. వాద్యములు మునుపటివలెనే యంత్రములు. తాళము సైతము యంత్రమే. మారినది పాటకట్టు: పల్లవి స్పష్టమైనది, మాట సామాన్యమైనది. అందలి కడపటి పాట 'డోంట్ యు వాంట్ మీ'. దానిని ఓకీ తక్కువగా నెంచి చివర నుంచెను. విడిరికార్డుగా విడుదల చేయుటకును ఇచ్చగింపలేదు. కంపెనీ పట్టుబట్టి విడుదల చేసినది. అది 1981 చివర బ్రిటనులో, 1982 లో అమెరికాలో అగ్రస్థాన మందుకొన్నది. తన కృతులలో లోకము దేనిని హత్తుకొనునో కర్తకే తెలియదనుట కిది నిదర్శనము.

అయితే బజారు ఇచ్చుటయే కాదు, అడుగుటయు కలదు. తరువాతి ఆల్బము 'హిస్టీరియా' వచ్చుటకు 1984 వరకు పట్టినది. నడుమ రషెంట్ వెడలిపోయెను. మునుపటి విజయమునకు సాటిరావలెనను బరువు బృందమును క్రుంగదీసినది. 'డేర్' కాలమున ప్రజలవద్దకు పోవుట సాహసము. పిమ్మట అదే విజయమును మరల కోరుట భయము.

తెలుగువారి కీ కథ క్రొత్త కాదు. సాలూరి రాజేశ్వరరావు తొలినాళ్ళలో గ్రామఫోను రికార్డులకును, రేడియోకును లలితగీతములు కూర్చి పాడెను. కొలది వాద్యములతో మాటకు ప్రాధాన్యమిచ్చు సున్నితపు బాణీ యది. పిదప ఆయన సినిమా రంగమున స్థిరపడెను. సినిమాకంటె పెద్ద బజారు లేదు. 1948 లో 'చంద్రలేఖ'లో భారీ వాద్యబృందము మ్రోగినది. 1951 లో బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి' తీయగా, దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటకు రాజేశ్వరరావు స్వరము తోడైనది. ఆ పాటలలో లలితగీతపు మార్దవము చెడలేదు. లక్షలమంది వినినంతమాత్రమున అది పలుచబడలేదు.

కావున తూచవలసినది శ్రోతల సంఖ్య కాదు; క్రొత్త తావునకు పోవునపుడు కళాకారుడు వెంట తీసికొనిపోయిన నియమము. రాజేశ్వరరావు మాటపట్ల గౌరవమును సినిమాకు తీసికొనిపోయెను. షెఫీల్డువారు యంత్రమును విడువక పాటను సరళము చేసిరి. ఢిల్లీ మిత్రులును గిటారును చేర్చుకొనిరి గాని తమ యంత్రమును పారవేయలేదు. శ్రోత మందబుద్ధి యని తలచి, ఆతని స్థాయికి దిగుచున్నానని భావించి కట్టిన పాటయే అమ్ముడుపోయిన కళ. శ్రోత తనకు సమానుడని నమ్మి కట్టినది ఎచ్చట మ్రోగినను కళయే.

ఈ నగరమున రాత్రులు మేలుకొని స్వరములు పేర్చు బిడ్డ లెవరైన ఇంట నున్నచో, పెద్దలు ఒక పర్యాయము చెవియొగ్గి వినవలెను. నచ్చనిచో ఎందుకు నచ్చలేదో చెప్పవలెను. బిడ్డలును ఇంటివారికి వినిపించుటకు సంకోచింపరాదు. బజారుకంటె ముందు ఇల్లే తొలి సభ.